చేయని ఖర్చుకు బిల్లు ఉండదు

మా మేనమామ ఇల్లు కోనసీమలో పి.గన్నవరం దగ్గర, గోదావరి పాయల మధ్య ఒక లంకలో ఉంది. అరుగు నేలకు మూడడుగుల ఎత్తు. 1986 గోదావరి వరదను కళ్లారా చూసినవాళ్లు కట్టుకున్న ఇల్లు కాబట్టి అంత ఎత్తు పెట్టారు. ఆ చుట్టుపక్కల ఇళ్లన్నీ దాదాపు అంతే. మామయ్య కొబ్బరి దింపు తీసేవాడు. చెట్టు మీదినుంచి పడ్డాక నడుము కింద పట్టు పోయింది. వాకరు పట్టుకుని నాలుగడుగులు వేస్తాడు, అంతకు మించితే చక్రాల కుర్చీయే. కుర్చీ ఎక్కడానికీ దిగడానికీ వాలుబాట కట్టాలంటే ఒకటికి పన్నెండు పాళ్లు ఉండాలని మన దేశపు మార్గదర్శకాలే చెబుతున్నాయి. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు అన్నమాట. మూడడుగుల అరుగుకు 36 అడుగులు. అరుగునుంచి గేటు దాకా టేపు పెట్టి కొలిస్తే ఇరవై రెండే వచ్చింది. మలుపు తిప్పి కట్టాలి, మలుపు దగ్గర కుర్చీ నిలవడానికి చదును వేయాలి. మేస్త్రీని పిలవకుండానే ఆ ఆలోచన ఆగిపోయింది. ఇప్పుడు రెండు చెక్కలు వేసి, వెనక ఒకరూ ముందు ఒకరూ పట్టుకుని దింపుతారు. ఇంట్లో ఇద్దరు లేని రోజు మామయ్య కిందికి దిగడు.

అత్తకు ఒక అలవాటుంది. పాల లెక్క పుస్తకంలోనే వెనకనుంచి మామయ్య ఖర్చులు రాస్తుంది. పోయినసారి వెళ్లినప్పుడు ఒక పేజీ చూశాను. డైపర్లు పది, 380. దూది, గాజుగుడ్డ, బీటాడిన్, 140. ఆటో, అమలాపురం రానుపోను, 700. గాలి పరుపు మోటారు బాగుచేత, 250. నేను చదువుతుంటే అడిగింది: "ఇదంతా పట్టుకెళ్లి చూపిస్తే పింఛను పెంచుతారా అబ్బాయ్, ఉన్నది కూడా తీసేస్తారా?" అడగడంలో సగం ఎగతాళి, సగం భయం. అప్పటికప్పుడు ఏమీ చెప్పలేకపోయాను. ఆ తరవాత ఆలోచించిన కొద్దీ, అది ఒక ప్రశ్న కాదనీ రెండు ప్రశ్నలు ముడిపడి ఉన్నాయనీ అనిపించింది: ఖర్చులు చెబితేనే సాయం సరిగ్గా పెరుగుతుందా, చెబితే అవి మన మీదికే వస్తాయా? వైకల్యపు ఖర్చుల వివరాలు ప్రభుత్వంతో పంచుకోవాలా వద్దా అన్న వాదనంతా ఈ ముడిలోనే ఉంది.

ముందు పింఛను సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి నెలకు 3,000 రూపాయలున్న వికలాంగుల పింఛను 2024 జూలైలో 6,000 అయింది. పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వారికి 15,000 ఇస్తున్నారు. వృద్ధులకు, వితంతువులకు 4,000. కేంద్రం తన జాతీయ పథకం కింద ఇచ్చేది నెలకు 300 రూపాయలు, అదీ దారిద్య్రరేఖకు దిగువన ఉండి 80 శాతం వైకల్యం ఉన్నవారికి. చాలా రాష్ట్రాలతో పోలిస్తే మన మొత్తం పెద్దదే. ఆ మాట ఒప్పుకోకుండా ముందుకు వెళ్లడం అన్యాయం. అయితే 6,000 అన్న అంకె ఎన్నికల హామీలోంచి వచ్చింది. వికలాంగుడైన మనిషికి నెలకు ఎంత అదనంగా అవుతోందని ఎవరో కూర్చుని కూడితే వచ్చింది కాదు.

చట్టంలో మాత్రం అదనపు ఖర్చు అన్న ఊహ ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్ ప్రకారం, ఇతరులకు ఉన్న అలాంటి పథకాల కంటే వికలాంగులకు ఇచ్చే సాయం కనీసం 25 శాతం ఎక్కువ ఉండాలి. వృద్ధాప్య పింఛను 4,000 అయితే వికలాంగుల పింఛను కనీసం 5,000 ఉండాలన్నమాట. మన రాష్ట్రం ఆ గీత దాటింది. కానీ 25 ఎందుకు, 40 ఎందుకు కాదు, 100 ఎందుకు కాదు అంటే చట్టంలో జవాబు లేదు. వృద్ధాప్య పింఛనుకూ దీనికీ తేడా 2,000 రూపాయలు. వైకల్యం వల్ల అయ్యే అదనపు ఖర్చుకు ప్రభుత్వం పరోక్షంగా కట్టిన వెల అదే అనుకుందాం. అత్త పుస్తకం ప్రకారం రోజుకు రెండు చొప్పున డైపర్లకే నెలకు 2,280 అవుతుంది. ఇంకా ఆటో ఎక్కనే లేదు.

ఇక్కడ ఒక చిక్కు విప్పాలి. పింఛను రెండు పనులు చేయాలి. సంపాదన పోయినందుకు తిండికి ఆసరా కావాలి, అందరికీ లేని ఖర్చులు మీద పడినందుకు వాటికీ ఆసరా కావాలి. ఈ రెండో దాన్ని ఆర్థికవేత్త అమర్త్య సేన్ బాగా పట్టుకున్నాడు. సంపాదించలేకపోవడం ఒక నష్టం. సంపాదించిన రూపాయిని అందరిలా జీవితంగా మార్చుకోలేకపోవడం మరో నష్టం. పదివేలు వచ్చే ఇంట్లో నాలుగు వేలు వైకల్యం తినేస్తే ఆ కుటుంబం ఆరు వేల కుటుంబమే. రికార్డుల్లో మాత్రం పదివేల కుటుంబంగానే ఉంటుంది. పేదరికాన్ని ఆదాయంతో కొలిచే ఏ పద్ధతికైనా ఇది కనిపించదు. మన పింఛన్ల అర్హతకు పల్లెల్లో కుటుంబ ఆదాయం నెలకు 10,000 లోపు ఉండాలని పెట్టిన నిబంధనా ఇంతే. వచ్చింది చూస్తుంది, పోయింది చూడదు.

డెల్టాలో ఈ అదనపు ఖర్చుకు సొంత రూపం ఉంది. అరుగు ఎత్తు సంగతి చెప్పాను. మెట్ట ఊళ్లో అడుగు ఎత్తు గడపకు సరిపోయే వాలుబాట ఇక్కడ మూడింతల పొడవు కావాలి. కాలువ గట్టు మీది మట్టిబాట వర్షాకాలంలో మూడు చక్రాల బండిని మింగేస్తుంది. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలికి కుర్చీ ఇరుసులు తుప్పు పడతాయి. లంకల్లో ఏటి పాయ దాటాలంటే పడవ కావాలి, పడవలోకి కుర్చీని ఎత్తే మనుషులు కావాలి. 2022 జూలై వరదలాంటిది వస్తే సరే, ఎవరు ఎవరిని ఎత్తుకెళ్లాలన్నదే ప్రశ్న. కాళ్లున్న మనిషి షేరు ఆటోలో ముప్పై నలభై రూపాయలిచ్చి వెళ్లే దూరానికి మామయ్య ఆటో మొత్తం మాట్లాడుకోవాలి. కుర్చీ మడిచి పెట్టడానికి చోటు కావాలి, పక్కన పట్టుకునే మనిషి కావాలి. వైకల్య శాతం కొలిచి ధ్రువపత్రం ఇచ్చే సదరం క్యాంపుకు వెళ్లడానికీ అదే ఆటో. వైకల్యం ఉందని నిరూపించుకోవడానికి కూడా వైకల్యపు ధర కట్టాల్సిందే.

ఇవన్నీ రాష్ట్ర సగటులో కరిగిపోతాయి. కాబట్టి చెప్పాలి. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. వివరాలు పంచుకోవాలనేవారి వాదనలో బలమంతా ఇక్కడుంది, అది చిన్న బలం కాదు. లెక్క లేని చోట దయ రాజ్యమేలుతుంది. దయ ఐదేళ్లకోసారి పెరగవచ్చు, తరగవచ్చు. లెక్క ఉంటే దాన్ని పట్టుకుని న్యాయస్థానానికి వెళ్లవచ్చు, శాసనసభలో అడగవచ్చు. 25 శాతం చాలదని చూపించవచ్చు. అదే 24వ సెక్షన్‌లో, ఎక్కువ సాయం అవసరమైన వికలాంగులకు సంరక్షకుల భత్యం అన్న మాట కూడా ఉంది. ఆ భత్యం ఎంత ఉండాలో చెప్పడానికి కూడా ఎవరో ఒకరు పద్దు తెరవాలి.

అసలు ప్రభుత్వం ఎప్పుడూ అడగలేదా అంటే, అడిగింది. 2018 జూలై నుంచి డిసెంబరు దాకా జరిగిన జాతీయ నమూనా సర్వే 76వ విడతలో వైకల్యం గురించి ఇంటింటికీ వెళ్లి అడిగిన వాటిలో, కనిపెట్టుకుని ఉండే మనిషి ఉన్నారా, వైకల్యం వల్ల చేతినుంచి ఎంత ఖర్చవుతోంది అన్న ప్రశ్నలూ ఉన్నాయి. ఆ సర్వేలోనే వికలాంగుల్లో ధ్రువపత్రం ఉన్నవారు 28.8 శాతమేనని తేలింది. అంటే పింఛను తీసుకునేవారిని మాత్రమే అడిగి లెక్క కడితే, పత్రం దాకా చేరలేని వారి ఖర్చు మొదటే జారిపోతుంది.

ఇక అత్త భయం. అది ఉట్టి భయం కాదు. పింఛనుదారులకు సంబంధించి ప్రభుత్వం ఖర్చుల జాడ ఇప్పటికే చూస్తోంది. చూస్తున్నది మాత్రం తీసేయడానికి. సామాజిక పింఛన్ల అర్హతకు వాడుతూ వచ్చిన నిబంధనల్లో కరెంటు వాడకం నెలకు సగటున 300 యూనిట్లు మించకూడదని ఒకటి, ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు తప్ప నాలుగు చక్రాల బండి ఉండకూడదని ఇంకొకటి. ఊపిరి సాయం కావాల్సిన మనిషి ఉన్న ఇంటిని ఊహించండి. 300 వాట్ల ఆక్సిజన్ యంత్రం రాత్రీ పగలూ తిరిగితే నెలకు 216 యూనిట్లు. పైన ఫ్యాను, ఫ్రిజ్, బల్బులు. మీటరు కళ్లకు అది కలిగిన ఇల్లు. పాత కారు కొని చేతులతో నడిపేలా మార్పించుకున్న మనిషి కూడా కాగితం మీద కారున్న దొరే. వైకల్యం వల్ల పెరిగిన ఖర్చును ఐశ్వర్యానికి గుర్తుగా చదివే కాగితానికి, మనం ఇంకా వివరంగా ఖర్చులు రాసిస్తే ఏం చదువుకుంటుందో ఎవరు చెప్పగలరు?

దీనికి తోడు 2025లో పునఃపరిశీలన వచ్చింది. వైకల్య పింఛనుదారులను మళ్లీ డాక్టర్ల ముందు నిలబెట్టి శాతాలు తిరిగి కొలిచారు. పింఛనుకు కావాల్సిన 40 శాతం కంటే తగ్గిందని తేలినవారికి నోటీసులు వెళ్లాయి. గొడవ అయింది, అప్పీళ్లు వచ్చాయి. దొంగ ధ్రువపత్రాలు లేవని ఎవరూ అనరు. ప్రతి ఊళ్లో అందరికీ తెలిసిన ఒక పేరు ఉంటుంది. కానీ నోటీసు గాలి తగిలాక, నిజంగా కాలు లేని మనిషి కూడా ఏ సంతకం పెట్టాలన్నా రెండుసార్లు ఆలోచిస్తాడు. మామయ్య విషయంలో ఇంకో మెలిక. వాకరు పట్టుకుని నాలుగడుగులు వేయగలడు కాబట్టి ఆయనకు వచ్చేది ఆరు వేలు. ఆ నాలుగడుగులు ఊరికే రాలేదు, నెలల తరబడి ఫిజియోథెరపీకి డబ్బు పోస్తే వచ్చాయి. ఆ పద్దు చూపిస్తే ఖర్చు ఎక్కువని రుజువవుతుందా, మనిషి మెరుగయ్యాడని రుజువవుతుందా? ఒకే కాగితం రెండు వైపులా కోస్తుంది.

బిల్లులు చూపితే డబ్బు ఇస్తాం అనే ఆలోచన మన దగ్గరే పుట్టలేదు. బ్రిటన్‌లో పర్సనల్ ఇండిపెండెన్స్ పేమెంట్ అని వైకల్యపు అదనపు ఖర్చుల కోసమే పెట్టిన భత్యం ఉంది. 2013లో మొదలైంది. ఆదాయం చూడరు, బిల్లులు అడగరు. వండుకోవడం, స్నానం, బయటికి వెళ్లడం లాంటి పనుల్లో ఎంత ఇబ్బంది ఉందో పాయింట్లు వేసి దాన్నిబట్టి నగదు ఇస్తారు. 2024 ఏప్రిల్‌లో అప్పటి ప్రభుత్వం, నగదు బదులు వోచర్లు ఇస్తే ఎలా ఉంటుంది, రసీదులు చూపించాక తిరిగి చెల్లిస్తే ఎలా ఉంటుంది అని ప్రజల అభిప్రాయం అడిగింది. వికలాంగులనుంచి గట్టి వ్యతిరేకత వచ్చింది. మూడు నెలల్లో ఎన్నికలు వచ్చి ఆ ప్రభుత్వమే పోయింది. అంత కాగితం, అంత బ్యాంకు వ్యవస్థ ఉన్న చోటే రసీదు పద్ధతి అంటే జంకారు. మన దగ్గర పడవ సరంగు రసీదు ఇస్తాడా? చెక్కల మీద కుర్చీ దింపిన పక్కింటి కుర్రాడు బిల్లు రాస్తాడా?

రసీదులు అడిగితే మోసం తగ్గుతుందనేవారికి ఒక చిన్న ప్రశ్న. డాక్టరు సంతకంతో దొంగ ధ్రువపత్రం చేయించుకోగలిగినవాడికి మందుల షాపు బిల్లు ఎంత పని?

ఇంకో సంగతి ఎవరూ పెద్దగా ప్రస్తావించరు. ఆదాయపు పన్నులో వికలాంగులకు తగ్గింపు ఒకటి ఉంది, 1961 చట్టంలో దాన్ని 80యూ సెక్షన్ కింద పెట్టారు. పాత పద్ధతిలో పన్ను కట్టే వికలాంగుడైన ఉద్యోగికి 40 శాతం వైకల్యం ఉంటే ఏడాదికి 75,000, 80 శాతం, ఆపైన ఉంటే 1,25,000 రూపాయల ఆదాయం పన్ను లెక్కలోంచి తగ్గిస్తారు. ధ్రువపత్రం చాలు. ఎంత ఖర్చు పెట్టావు, బిల్లులేవి అని అడగరు. నిజంగా పెట్టిన ఖర్చు ఎంతైనా తగ్గింపు అంతే. అంటే జీతగాడి వైకల్యానికి ఖర్చు ఉంటుందని ప్రభుత్వం ఏ రసీదూ లేకుండానే నమ్మింది. అదే మర్యాద దింపు కార్మికుడికి ఎందుకు ఉండకూడదో నాకు అర్థం కాదు.

ఇన్ని చెప్పినా అసలు చిక్కు ఇంకా మిగిలే ఉంది. నిజాయితీగా ప్రతి పైసా రాసినా, అత్త పుస్తకం మామయ్య వైకల్యపు ధర చెప్పదు. అందులో ఉన్నది వాళ్లు పెట్టగలిగిన ఖర్చు మాత్రమే. వాలుబాట అందులో లేదు, కట్టలేదు కాబట్టి. రోజుకు మూడు డైపర్లు కావాలి, రెండుతో సరిపెడతారు. ఆ మూడోది అందులో లేదు, దానివల్ల వచ్చిన పుండుకు రాసిన బీటాడిన్ ఉంది. అత్త పెళ్లికి ముందునుంచీ కొబ్బరి పీచు పనికి వెళ్లేది. మామయ్య పడ్డాక మానేసింది. ఆ కూలి పుస్తకంలో ఎక్కడా ఖర్చు కింద రాయలేదు. రాయాలని ఆవిడకు తట్టలేదు కూడా. ఖర్చులు చూసి సాయం కొలిస్తే, డబ్బున్న ఇంటి వికలాంగుడికి ఎక్కువ అవసరం ఉన్నట్టు, లేని ఇంటి వికలాంగుడికి తక్కువ అవసరం ఉన్నట్టు తేలుతుంది. లెక్క తప్పు కాకపోయినా అర్థం తలకిందులవుతుంది.

అందుకే ఈ విషయం మీద పనిచేసే ఆర్థికవేత్తలు ఇంకో రెండు దారులు పట్టారు. ఒకటి, ఒకే ఆదాయం ఉన్న రెండు కుటుంబాలను పక్కపక్కన పెట్టి, వికలాంగులున్న ఇంట్లో సామాను, తిండి, పొదుపు ఎంత తక్కువ ఉన్నాయో చూసి, ఆ లోటు పూడాలంటే ఎంత ఆదాయం కావాలో లెక్క కట్టడం. ఇందులో ఎవరి బిల్లులూ అక్కర్లేదు, కానీ గణాంకాల పెద్ద పుట్ట కావాలి. పైగా సగటు చెబుతుంది తప్ప లంక సంగతి చెప్పదు. రెండోది నాకు నచ్చినది. వికలాంగులనే కూర్చోబెట్టి, ఎంత ఖర్చు పెడుతున్నారు అని కాకుండా, నలుగురిలా బతకాలంటే ఏమేం కావాలి అని అడిగి జాబితా రాయించి, ఆ జాబితాకు బజారు ధర కట్టడం. చేయని ఖర్చు కనిపించేది ఇక్కడే. కట్టని వాలుబాట, కొనని మూడో డైపరు, మానేసిన పీచు పని కూలి, అన్నీ పైకి వస్తాయి. కోరికల చిట్టా అవుతుందని కొందరు అధికారులు నవ్వవచ్చు. కానీ కనీస వేతనం కట్టేటప్పుడు మనం చేసేది కూడా కుటుంబానికి ఎంత బియ్యం, ఎంత గుడ్డ, ఎంత అద్దె అని అవసరాల జాబితా వేయడమే.

ఇప్పుడు ముడి విప్పవచ్చు. పంచుకోవాలా వద్దా అన్న ప్రశ్నలో, ఎవరి చేతికి, దేనికోసం అన్న రెండు మాటలు మింగేశారు. ఒకే పద్దు పింఛను గుమస్తా చేతిలో పడితే ఆ మనిషి మీద తీర్పుకు సాక్ష్యం అవుతుంది. సర్వే గుమస్తా చేతిలో పడితే, పేరు తీసేసి పదివేల పద్దులతో కలిపితే, మొత్తం ఎంత ఉండాలో చెప్పే ఆధారం అవుతుంది. ఈ తేడా నేను కల్పించింది కాదు, చట్టంలోనే ఉంది. 2008 గణాంకాల సేకరణ చట్టం కింద ఇచ్చిన సమాచారాన్ని గణాంకాలకు తప్ప వాడకూడదు, ఫలానా మనిషిదని తెలిసేలా బయటపెట్టకూడదు. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా గణాంకాల అవసరాలకు వెసులుబాటు ఇస్తూ ఒక షరతు పెట్టింది. ఆ సమాచారంతో ఆ వ్యక్తి గురించి ఎలాంటి నిర్ణయమూ తీసుకోకూడదు. అదే చట్టంలో మరోచోట, సంక్షేమ పథకాలు అందించడానికి ప్రభుత్వం తన దగ్గరున్న సమాచారాన్ని మళ్లీ అనుమతి అడక్కుండా వాడుకునే వీలు కూడా ఉంది. కాబట్టి ఒక ఇంటి తలుపు తట్టిన మనిషి ఈ రెండింటిలో ఏ తలుపులోంచి వచ్చాడన్నది తెలుసుకోవాల్సిన మొదటి సంగతి.

నా మటుకు నేను అత్తకు చెప్పింది ఇది. పింఛను నంబరు, ఆధార్ నంబరు పక్కన ఖర్చుల గడి ఉన్న ఫారం వస్తే నింపవద్దు. కనీసం అది దేనికో రాతపూర్వకంగా అడగకుండా నింపవద్దు. నమూనా సర్వే వాళ్లు వస్తే కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి అన్నీ చెప్పు, అడగనివి కూడా చెప్పు. వికలాంగుల సంఘం వాళ్లు పద్దులు పోగుచేస్తే ఈ పుస్తకం ఫొటో తీసి ఇవ్వు, పేరు కనపడకుండా. సంఘం చేతిలో వంద పద్దులుంటే అది బేరమాడే బలం. ఒక్క పద్దు ఒక్క ఇంటిదైతే, ఆ ఇంటిని బోనెక్కించడానికే పనికొస్తుంది. ఈ సలహాలో ఒక లోటు ఉందని నాకు తెలుసు. సంఘాలు టౌన్లలో బలంగా ఉంటాయి, లంకల దాకా రావు. మాటలు సరిగా రాని పిల్లల తల్లులు, మానసిక వైకల్యం ఉన్నవారి కుటుంబాలు సంఘాల్లోనూ వెనక వరసలోనే ఉంటాయి. వాళ్ల ఖర్చుల్లో ఎక్కువ భాగం కనిపెట్టుకుని కూర్చునే మనిషి కాలమే. దానికి ధర కట్టడం డైపరుకు ధర కట్టినంత తేలిక కాదు.

అత్త అంతా విని, "అయితే రాయడం మానక్కర్లేదుగా" అంది. పాల లెక్క పుస్తకం మళ్లీ వెనకనుంచి తెరిచి, కొత్త పేజీ మీద గీత కొట్టి, పైన "పెట్టనివి" అని రాసింది. మొదటి వరసలో వాలుబాట, 36 అడుగులు. ధర గడి ఖాళీగా ఉంచింది. ఆదివారం మేస్త్రీ పక్కింటి గోడకు వస్తున్నాడట, అప్పుడు అడిగి నింపుతానంది.